మేస్త్రీకి అంటగట్టిన తప్పు

ముప్పై ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. నా పేరు అడక్కండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఆ రోజే నిజం చెప్పేవాణ్ణి. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మా మిద్దె మట్టి కప్పు తీసేసి, బండలు పరిపించి, పైన సిమెంటు గార వేయించాలనుకున్నాను. నమ్మకమైన మేస్త్రీ కోసం పావగడ, నిడుగల్లు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి నాగలమడిక వైపు ఒకాయన దొరికాడు. సిమెంటులో ఇసుక ఒక గంప ఎక్కువ పడినా పారబోసి మళ్లీ కలిపించే మనిషి.

గార వేశాక మిద్దె మీద మట్టికట్టలు పోసి మడులు చేశాడు. "మూడు వారాలు నీళ్లు నిలబెట్టాలన్నా. ఆరితే బీటలిస్తాది" అని గట్టిగా చెప్పి వెళ్లాడు.

వారం తిరక్కముందే ఆ మడులు తెగ్గొట్టాను. ఎందుకు? కరువులో దక్కిన నాలుగు మూటల వేరుశనగ కాయలు మండీ లారీ వచ్చేలోపు ఆరాలి. కళ్లంలో పోస్తే మన్నంటుతుంది. కొత్త గార నున్నగా కనిపించింది. నీళ్లు ఊడ్చేసి కాయలు ఆరబోశాను. అడుగంటిన బావి నుంచి కడవలు మోసే బాధ తప్పిందని సంతోషించాను కూడా. అదెందుకు దాచాలి?

తర్వాత మూడేళ్లు గట్టి వాన లేదు. నాలుగో ఏడు ఒక్క వానకే ఇల్లంతా కారింది. మేస్త్రీని పిలిపించి, ఆంజనేయస్వామి గుడి ముందు పదిమందిలో దొంగ అన్నాను. నాకు కోపం నిజంగానే వచ్చింది. తప్పు నాదని తెలిసీ అంత నిజమైన కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

"నీళ్లు కట్టినావా అన్నా?" అన్నాడు.

"కట్టినానప్పా. మూడు వారాలూ కట్టినా."

"అట్లయితే కర్పూరం ఆర్పు."

గుడి మెట్టు మీద కర్పూరం వెలిగించారు. మా వైపు అంతకు మించిన ప్రమాణం లేదు. అరచేత్తో ఆర్పేశాను.

మేస్త్రీ నా చేతి వంక చూసి, "అయితే నా పనిలోనే తప్పుంటాదిలే. మళ్లీ యేస్తా" అన్నాడు. నమ్మేశాడు! తన చేతుల కన్నా నా చేతినే నమ్మాడు.

గారంతా పెళ్లగించి మళ్లీ వేశాడు. ఈసారి మూడు వారాలూ నేనే నీళ్లు మోశాను. ఇంతవరకూ చుక్క కారలేదు. దానికి ఊరేమందో తెలుసా? "కర్పూరం ఆర్పితే గాని దారికి రాలేదప్పా ఈ మేస్త్రీ." ఆ రోజు గుడి ముందు చేరిన పెద్దమనుషుల్లో ఒక్కడికైనా మా పక్కింటివాళ్లను అడగాలనిపించలేదు! కాయలు ఆరబోసింది వాళ్లు చూశారు. చూసినవాళ్లూ నోరు విప్పలేదు. పొలం ఉన్నవాడి మాట ముందు కూలివాడి మాట ఎంతని? తిట్టాలనిపిస్తుంది. తిట్టే నోరు నాకేది?

ఆయన్ని మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. బెంగళూరులో ఎవరి కిందో గంపలు మోస్తున్నాడని విన్నాను. తర్వాత అదీ వినలేదు. ఇక్కడ మాత్రం ఎవరు ఇల్లు బాగు చేయించుకున్నా, మంచి మేస్త్రీ ఎవరని నన్నే అడుగుతారు. నేను గట్టివాణ్ణట!

ఆయన పనిలో తప్పు లేదు. నీళ్లు కట్టనిది నేను. దేవుడి ముందు అబద్ధమాడింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. అందుకూ సిగ్గేస్తోంది.