చేతిపట్టీలు

పెద్దపల్లి బజారులో రెబెకా సైకిలు సీటు వెనుక బిగించుకొనే సంచులు కుట్టి అమ్ముతుంది. హ్యాండిల్‌కు తగిలించిన సద్దిసంచి ముందుచక్రంలో చుట్టుకొని భర్త ప్రేమ్‌చంద్ లారీ కింద పడి చనిపోయిన నాటి నుండి ఆమెకు ఇదే జీవనాధారం. కుట్టిన ప్రతి సంచినీ మోకాలితో అదిమి, రెండు చేతులా లాగి చూస్తుంది. నిన్న బజారుకు వచ్చిన హనుమండ్లు ఒక సంచి కొని, దాని చేతిపట్టీలను నేరుగా తన సైకిలు హ్యాండిల్‌కు తగిలించాడు.

“అన్నా, గది ఎనుకకు కట్టాలె.”

“గిన్నేండ్ల సంది గిట్లనే పోతున్న, నాకేమైంది చెల్లె?” అని నవ్వుతూ అతడు వెళ్ళిపోయాడు.

అతడు మలుపు తిరిగేవరకు ఆమె ఆ ముందుచక్రాన్నే చూసింది. తరువాత కత్తెర తీసి, మిగిలిన సంచుల చేతిపట్టీలన్నీ కోసివేసింది.

“పట్టుకునేటందుకు ఏం లేకుంటె ఎవలు కొంటరే?” అని అత్త ఆనందమ్మ అడిగింది.

“కొనకుంటె కొనకపాయె, అత్తమ్మా. నా సంచితోటి మాత్రం ఎవలు పడొద్దు.”