బావ కోసం రొయ్యల తొక్కు

అక్క రొయ్యల తలలు తుంచుతున్న తీరు చూసి నాకు భయమేసింది. ఎండు రొయ్యకు తలా తోకా తీయడం పెద్ద పనేం కాదు, గోరుతో గిల్లితే చాలు. అక్క మాత్రం ఒక్కోదాన్నీ పగబట్టినట్టు విరుస్తోంది. ఎడమ మణికట్టు వాచి ఉంది కాబట్టి పనంతా కుడి చేత్తోనే.

జనగామలో మా ఇంట్లో ఆ ఆదివారం దావత్. పేరుకే దావత్, అసలు సంగతి పంచాయితీ. అక్కను తీసుకుపోవడానికి మహబూబాబాద్ నుంచి బావ వస్తున్నాడు. ఆయన కొడుతున్నాడని అక్క వచ్చిన రోజు నుంచీ మొత్తుకుంటోంది. చేయి చూపించింది, వీపు చూపించింది. మెట్ల మీద జారి పడిందని బావ ఫోన్లో చెప్పాడు. నవ్వుతూ మెత్తగా మాట్లాడే మనిషి కదా, కన్న బాపు ఆయన మాటే నమ్మాడు. బాపుకు అన్న అయిన పెద్దబాపూ అంతే. మా వాళ్లలో ఒక పద్ధతుంది. పుట్టింటికి వచ్చేసిన భార్య తన చేత్తో వడ్డించింది భర్త తిన్నాడంటే పంచాయితీ తెగినట్టే, ఆ సాయంత్రమే ఆమె ఆయన వెంట నడవాలి. ఈ పద్ధతి పెట్టినవాడి నోట్లో మన్ను పడ.

బావకు రొయ్యల తొక్కంటే, అదే రోటి పచ్చడంటే, ప్రాణం. అందులో అక్క ఎప్పుడూ చపాటా మిర్చే వేస్తుంది. అది లావుగా ఎర్రగా ఉంటుంది, రంగే తప్ప పెద్దగా కారం ఉండదు. బావ కారం ఓర్చుకోలేడు, ఆ సంగతి నలుగురికీ తెలిస్తే ఆయనకు నామోషీ. ఆ రోజు అక్క చపాటా ముట్టుకోలేదు. సన్నటి తేజ మిర్చి డబ్బా దించి, పిడికిళ్లకొద్దీ పెనం మీద వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గు, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. వేయించిన రొయ్యలు, మిర్చి, వెల్లుల్లి, చింతపండు రోట్లో వేసి దంచింది. ఇంత కారం ఎందుకని అడిగాను. అక్క కాగిన నూనె పోసింది. తొక్కు చుయ్యిమంది.

ముందుగదిలో చాప మీద బాపు, పెద్దబాపు, బావ, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన చుట్టాలు కూర్చున్నారు. అక్క వేడి వేడి తొక్కు గిన్నె, సర్వపిండి రొట్టె ముక్కలు తెచ్చి బావ ముందు పెట్టింది. ఆయన పెద్ద ముక్క తుంచి, నిండా అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. ముఖం కందిపోయింది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. వగరుస్తూ నోట్లోది చేతిలోకి ఉమ్మేశాడు. పెద్దబాపు అదే తొక్కు నాలుకకు రాసుకుని, గింతదానికే ఏడుస్తున్నావా అల్లుడా అని ఆటపట్టించాడు. అందరూ నవ్వారు.

అక్క కూడా నవ్వింది.

బావ ఎప్పుడు లేచాడో నాకు కనబడలేదు. చెంప మీద దెబ్బ మాత్రం వినబడింది. అక్క వెళ్లి గోడకు కొట్టుకుంది. జుట్టు పట్టి వంచి మోకాలితో పొట్టలో పొడిచాడు. మేమంతా అక్కడే ఉన్నామన్న సోయి లేదు. "నన్ను జూసి నవ్వుతవే" అంటూ మళ్లీ చెయ్యెత్తాడు. నేను గిన్నె ఎత్తి ఆయన ముఖాన కొట్టాను. తొక్కు కళ్లలో పడగానే బొబ్బలు పెట్టాడు. ఆ సంగతికి నాకు ఇప్పటికీ ఇసుమంత బాధ లేదు. చుట్టాలు ఆయన్ను బయట నల్లా దగ్గరికి ఈడ్చుకెళ్లారు.

పెద్దబాపు తల దించుకున్నాడు. బాపు అక్కను లేపబోయాడు. అక్క ఆయన చేయి తోసేసి, గోడ పట్టుకుని తానే లేచింది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతోంది.

"కావాల్ననే ఏసిన బాపు కారం. నలుగుట్ల నవ్వితే ఆయన చెయ్యి ఆగదని నాకెర్కే. వీపు సూపిస్తె నువ్వు నమ్మకపోతివి. అందుకే నీ ముంగట కొట్టిచ్చుకున్న."