అమ్మ తోమిన ఎర్ర కాసులు

మా వీధిలో నీళ్ల గొట్టాల కోసం తవ్విన కందకం పది రోజులుగా అలాగే పడి ఉంది. నిన్న పొద్దున్న వాన పడ్డాక ఆ మట్టిగుట్ట నుంచి ఒక వాసన లేచింది. మామూలు తడిమట్టి వాసన కాదు, ఎన్నో ఏళ్లు లోపల మగ్గిన బూడిద, కుండపెంకు, ఎముకముక్క కలిసిన పాతవాసన. గాజువాకలో కాపురం పెట్టి ఇరవై ఏళ్లయినా ఇక్కడ ఆ వాసన నాకు తగలడం అదే మొదటిసారి. పాల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని ఆ గుట్ట పక్కన నిలబడిపోయాను. వాన కడిగిన చోట ఎర్రగా ఏదైనా తేలిందేమోనని కళ్లు వాటంతట అవే వెతుకుతున్నాయి. వంగితే లేవడం కష్టమైన మోకాళ్లు నావి, అయినా వంగాను. ఒక సీసా మూత కనిపించింది, అంతే.

మాది చోడవరం. నేను చదివింది ఏడో తరగతి, అందుచేత రాయడం కన్నా చెప్పడం నాకు బాగా వచ్చు. చెప్పినట్టే రాస్తాను. మా ఊరి నుంచి వడ్డాది వెళ్లే దారిలో మా చెరకు మళ్లకు దగ్గరగా ఒక దిబ్బ ఉండేది. దాన్ని పాటిదిబ్బ అనేవాళ్లం. ఎప్పుడో అక్కడొక ఊరు ఉండి పాడైపోయిందట. ఆ ఊరి పేరేమిటో, జనం ఎటు పోయారో మా తాతల తాతలకు కూడా తెలియదు. ఎండాకాలం వచ్చిందంటే రైతులు బళ్లు కట్టుకుని వెళ్లి ఆ దిబ్బను గునపాలతో తవ్వి, ఆ బూడిదరంగు మట్టిని తెచ్చి మళ్లలో చల్లేవారు. పాటిమట్టి పడ్డ నేలలో చెరకు గడ మణికట్టంత లావు ఊరేది. పాడైపోయిన ఊరి పొయ్యిల బూడిద, పశువుల పేడ, మనుషుల ఎంగిలి, అన్నీ అలా మా చెరకులోకి వచ్చి తీపెక్కేవి. ఆ మట్టితోపాటే కాసులూ వచ్చేవి.

తొలకరి పడితే మట్టి కరిగి, అందులోవి పైకి తేలేవి. కలుపు తీయడానికి వెళ్లిన ఆడవాళ్లకు పెంకులు, పూసలు, అప్పుడప్పుడు రాగి కాసులు దొరికేవి. చాలా వాటికి పాచి పట్టినట్టు ఆకుపచ్చ రంగు ఉండేది. వాటిని పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకోవడానికి పట్టుకుపోయేవారు. ఏడాదికి ఒకటో రెండో మాత్రం ఎర్రవి వచ్చేవి. ఎరుపంటే ఒకటే ఎరుపు కాదు. ఒకటి కాల్చిన ఇటుకలా, ఒకటి తడిసిన కుంకంలా, ఒకటి బాగా కాగిన బెల్లంపాకాన్ని ఎండకు అడ్డం పెట్టి చూసినట్టు. మంటలో పడ్డ కాసు ఎర్రబడుతుందని ఒకరు, అమ్మోరి నైవేద్యంలోది ఎర్రబడుతుందని ఇంకొకరు అనేవారు. మా అమ్మ మాత్రం దొరికినదాన్ని కొంగున ముడేసుకుని మళ్లీ కలుపులోకి వంగేది.

అమ్మ పేరు వరాలమ్మ. చదువు లేదు, వేలిముద్రే. నాకు తెలిసి ఆవిడ ఎప్పుడూ అలసిపోయే ఉండేది. కోడి కూయకముందు లేచి చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి, మాకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో గిన్నెల్లో పోసి, తను నిలబడే తాగి పొలానికి పోయేది. చెరకు ఎదిగాక ఆకులు చుట్టి గడలు పడిపోకుండా జడకట్టే పని ఉండేది. ఆ ఆకుల అంచులు కోసి కోసి అమ్మ చేతుల మీద తెల్లటి గీతలు ముగ్గు వేసినట్టు ఉండేవి. గానుగాట మొదలయ్యే రోజుల్లో గాలి ఎటు తిరిగితే అటు బెల్లం, మడ్డి వాసన కలిసి వచ్చేది. మేము పొలాల నుంచి చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే బళ్ల వెనక పరుగెత్తి గడలు లాగేవాళ్లం. నాన్న ఆ బళ్లతోనే పోయి ఆ బళ్లతోనే వచ్చేవాడు. వచ్చాక అన్నం ముందే కునికేవాడు. అలసట మా ఇంట్లో ఒక మనిషిలా ఉండేది, దానికీ ఒక పీట వేసేవాళ్లం.

అటువంటి అమ్మకు ఉన్న సరదా ఆ ఎర్ర కాసులొక్కటే. పసుపుకొమ్ములు పోసుకునే కర్రపెట్టెలో ఊక పోసి, ఊకలో వాటిని దాచేది. పదిహేడు ఉండేవి. పండగనాడు, బూరెలు వండి అందరికీ పెట్టడం అయ్యాక, గోడకి చేరబడి ఒక్కొక్కటే తీసి బొటనవేలితో మెల్లగా నిమిరి చూసుకునేది. ఇదిగో ఏనుగు, ఇదిగో ఎద్దు, ఇదేదో చెట్టు అని నాకు చూపించేది. ఏనుగు తొండం అంత చిన్న కాసు మీద కూడా స్పష్టంగా తెలిసేది. వడ్డాది సంతలో ఇత్తడి సామాను వాడు పాతరాగి కింద తూస్తానని అడిగితే, అమ్మ వాడి వంక చూసిన చూపుకి వాడు తక్కెడ పక్కన పెట్టేశాడు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడికి కొత్తగా సోషల్ మాస్టారు వచ్చారు. అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పాఠంలో పాత నాణేల సంగతి వస్తే, మా ఇంట్లో ఉన్నాయని నేను లేచి చెప్పాను. ఆ సాయంత్రమే మాస్టారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని పదిహేడూ చూశారు. తర్వాత, విశాఖపట్నంలో తన గురువుగారు ఉన్నారనీ, ఆయన్ని తీసుకొస్తాననీ, ఏ రాజు కాసులో ఆయన చెబుతారనీ, బడిలో అద్దాల బీరువా చేయించి వీటిని అందులో పెడదామనీ, కింద అమ్మ పేరు రాద్దామనీ అన్నారు.

అమ్మ తలుపు వెనక నుంచే అడిగింది. "నా పేరా బాబూ? మా ఆయన పేరు కాదా?"

ఏరింది మీరు కదమ్మా అన్నారు మాస్టారు.

ఆ రాత్రి నుంచి అమ్మ మారిపోయింది అంటే అతిశయోక్తి అవుతుంది. పని అదే, అలసట అదే. కానీ కలుపులో పక్కవాళ్లు అడక్కుండానే ఆ సంగతి రెండుసార్లు చెప్పిందట. రేషన్ కార్డు మీద కూడా నాన్న పేరు పైన ఉండి, తన పేరు కింద తప్పుగా పడిన మనిషి. అద్దం వెనక ఊరంతా చూసేటట్టు తన పేరుంటుందంటే అది ఎంత పెద్ద మాటో ఇప్పుడు తెలుస్తోంది నాకు.

నాగులచవితి వెళ్లాక వచ్చే ఆదివారం గురువుగారు వస్తారని ఖాయమైంది. శనివారం బడి వదిలాక మాస్టారు నన్ను పిలిచి ఒక తెల్ల అట్ట ఇచ్చారు. దాని మీద నల్లసిరాతో గుండ్రంగా, 'సేకరించినవారు: వరాలమ్మ, చోడవరం' అని ఉంది. అమ్మకి చూపించమన్నారు. నేను వెళ్లబోతుంటే మళ్లీ పిలిచి, కాసుల్ని ఉన్నవి ఉన్నట్టే ఉంచమని చెప్పు, చింతపండు పెట్టి తోమద్దని చెప్పు, మర్చిపోకు అన్నారు. మర్చిపోనండి అన్నాను. మర్చిపోలేదు కూడా.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో మా పెద్దమ్మ కూర్చుని ఉంది. పెద్దమ్మ అంటే నాన్న అన్నగారి భార్య. మాకూ వాళ్లకీ మధ్య గోడ ఒక్కటే. అయినా తూము నీళ్ల దగ్గర మాటామాటా పెరిగి రెండేళ్లుగా ఆవిడ మా గడప తొక్కలేదు. గోడ అవతల నుంచి మాత్రం, మట్టిబిళ్లలు ఏరుకునే దానికి ఇల్లెలా కలిసొస్తుంది అని వినబడేలా అంటూ ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ చేతిలో పని ఒక్క క్షణం ఆగేది. ఆ పెద్దమ్మ, పట్నం నుంచి పెద్దమనిషి వస్తున్నాడని విని, గుప్పెడు చింతపండు, కొబ్బరిపీచు, తన పొయ్యిలోని మెత్తటి బూడిద పట్టుకుని తనంతట తనే వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మా వైపు ఏ ఇంటికి చుట్టం వస్తున్నా ముందు జరిగే పని తోమడమే. ఉగాది ముందొచ్చే కొత్తమాసకి దేవుడి ఇత్తడి తోముతాం, పెళ్లికి బిందెలు తోముతాం. తోమని వస్తువు మనిషి ముందు పెట్టడమంటే మొహం కడుక్కోకుండా ఎదురెళ్లడమే.

"ఒసే వరాలూ, పట్నపోళ్ల ముందర ఈ తుప్పు ముకాలెట్టుకుని కూకుంటావేటే? మన ఇంటి పరువు నీ ఒక్కదాందేటి? ఇటియ్యి" అంది పెద్దమ్మ.

మన ఇల్లు అంది. రెండేళ్ల తర్వాత ఆ మాట.

అమ్మ పెట్టె ఒళ్లో పెట్టుకునే ఉంది. "అలగే ఉండాలేమోనప్పా" అంది నెమ్మదిగా. అప్ప అంటే మాకు అక్క. ఆ పిలుపు కూడా రెండేళ్ల తర్వాతే.

"ఏటుండాలి? మీ అమ్మ నీకు తోమడం నేర్పలేదేటి? నేర్పకపోతే నాను నేర్పుతాను, సూడు" అని పెద్దమ్మ నవ్వింది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో ఆవిడ భుజాలు కిందికి జారడం చూశాను, బరువేదో దించినట్టు. అప్పుడు నా వైపు తిరిగి అడిగింది.

"ఏటే గుంటా, మాస్టారేటైనా సెప్పేరా?"

నా చేతిలో అట్ట ఉంది. నాలుక మీద మాట ఉంది. ఆ మాట అంటే పెద్దమ్మ మొహం మాడ్చుకుని, తన చింతపండు తను తీసుకుని లేచి వెళ్లిపోతుంది, గోడ మళ్లీ గోడవుతుంది. పన్నెండేళ్ల బుర్రకి అంతే తట్టింది. కాసులు తోమితే ఏమవుతుంది, మెరుస్తాయి, అంతే కదా అనుకున్నాను.

"ఏటీ సెప్పలేదు" అన్నాను.

ఆ సాయంత్రం మా పెరడు పెళ్లివారి పెరడులా ఉంది. నలుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, చింతపండు నానేసి, బూడిద అద్ది, పీచుతో ఒక్కో కాసునీ రుద్దారు. పుల్లటి నీళ్లు ఎర్రగా, ఆపైన నల్లగా పారాయి. పెద్దమ్మ పాత సంగతులేవో చెబుతుంటే అమ్మ కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. నేను అట్ట చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. చీకటిపడే వేళకి పదిహేడు కాసులూ కొత్త చెంబుల్లా తళతళలాడుతూ పళ్లెంలో ఉన్నాయి. అమ్మ వాటికి బొట్టు పెట్టబోయి, నవ్వుతారేమోనని ఆగిపోయింది.

మర్నాడు మాస్టారు, వెంట తెల్లచొక్కా పెద్దాయన వచ్చారు. అమ్మ పెళ్లినాటి చీర కట్టుకుని, పళ్లెం తానే తెచ్చి ముందు పెట్టింది. మాస్టారు పళ్లెం చూసి, నన్ను చూశారు. నేను నేల చూశాను. పెద్దాయన ఒక్కొక్క కాసూ తీసి భూతద్దం పెట్టి చూసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టారు. ఏనుగు లేదు, ఎద్దు లేదు, చెట్టు లేదు. గుంటలు పడ్డ రాగిబిళ్లలు మాత్రం ఉన్నాయి.

"బొమ్మ ఆ ఎరుపులోనే ఉంటుందమ్మా. లోపలి రాగిని మట్టి ఎప్పుడో తినేసి ఉంటుంది. ఎరుపు పోతే బొమ్మా పోతుంది" అన్నారు చివరికి. కోపంగా కాదు, జబ్బు సంగతి చెప్పే డాక్టరులా.

మాస్టారు గొంతు సవరించుకుని, తప్పు తనదే అన్నారు. తాను స్వయంగా వచ్చి చెప్పవలసింది అన్నారు. నా పేరు ఎత్తలేదు. అమ్మ దాన్ని మర్యాదకి అన్నమాట అనుకుంది. వాళ్లకి మజ్జిగ ఇచ్చింది, నువ్వుల చిమ్మిలి పెట్టింది, తినేదాకా నిలబడింది. వెళ్లేటప్పుడు ఆ తెల్ల అట్ట తెచ్చి మాస్టారి చేతిలో పెట్టి, "ఇది మీ కాడుంచండి బాబూ, దేనికైనా పనికొస్తాది" అంది.

నన్ను ఏమీ అనలేదు. అనడానికి తనకేం తెలుసు? కాసులు పిల్లలకి తొక్కుడుబిళ్లకి ఇచ్చేసింది. పెద్దమ్మ గోడ దాటి రావడం మాత్రం ఆగలేదు, ఆఖరుదాకా వచ్చింది. నేను అబద్ధమాడి సంపాదించింది అది ఒక్కటే. మరుసటి ఏడు తొలకరికి అమ్మతో కలుపుకి వెళ్లాను. సాలులో తడిసిన కుంకంలాంటిది ఒకటి తేలి ఉంది. ఇద్దరం చూశాం. అమ్మ దాని మీదుగా అడుగు వేసి ముందుకు వెళ్లిపోయింది. నేనూ తీయలేదు.

ఇప్పుడు ఆ దిబ్బ లేదు. మిగిలిన మట్టిని ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి, చదునైన చోట రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. మా మళ్లలో చెరకు కూడా లేదు. చోడవరం బస్సు దిగితే ఎటు నడవాలో ఒక నిమిషం తెలియదు నాకు. అమ్మ పోయి మూడేళ్లయింది.

పోయేదాకా అమ్మ ఈ కథ చెప్పేది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, నవ్వించడానికి చెప్పేది. సదువు లేని మనిషిని గదా, రాజుగారి ఏనుక్కి సింతపండుతో తానం పోసేసేనని చేతులు తిప్పి చూపించేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. నేనింకా బడికి పోతున్న ఆ కొద్ది నెలల్లో, నవ్వాక ప్రతిసారీ నా తల నిమిరి, "నువ్వు సదువుకో తల్లీ, నాలాగ అవకు" అనేది. నేను ఏడుతో ఆపేసినప్పుడు ఆ ఒక్కందుకే ఏడ్చింది.

నిన్న మట్టిగుట్ట దగ్గర నుంచి ఇంటికి వచ్చి, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మాస్టారు చెప్పారే, నాకు చెప్పారే అన్నాను. అది ఫోను పక్కన పెట్టి విని, "అప్పుడు నువ్వు సిన్నగుంటవి కదమ్మా, ఇప్పుడెందుకు బాధ, వదిలెయ్యి" అంది. ఎంత సులువుగా అందో. నిజమే, అది వదిలెయ్యగలదు. అమ్మ మాత్రం, తప్పంతా తనకు చదువు లేకపోవడానిదే అని నమ్ముకుని, ఆ సంగతి నలుగురికీ నవ్వుతూ చెప్పుకుంటూనే వెళ్లిపోయింది.