సన్‌డౌనర్ చాయ్

పొయ్యి ఆర్పుదామని నీళ్లు చల్లగానే తడి బూడిద వాసన లేస్తుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ మెట్ల వైపు చూస్తాను, గంగారాం మామ వస్తున్నాడేమోనని. ధర్మపురిలో గోదావరి మెట్ల దగ్గర నాది చాయ్ బండి. మామ మా వాడకట్టు పెద్దమనిషి. సగం వయసు దుబాయిలో గడిపి వచ్చాడు. అందరూ పొద్దున్నే చాయ్ తాగి పోతే, ఆయన మాత్రం నేను గిన్నెలు కడుక్కునే వేళకు దిగేవాడు.

"సన్‌డౌనర్ అచ్చిండు కోడలా, ఓ చాయ్ పొయ్యరాదు," అనేవాడు.

పొద్దుగూకి వచ్చే గిరాకీని ఇంగ్లీషులో అలా మర్యాదగా పిలుస్తారనుకున్నాను. ఒక సాయంత్రం జగిత్యాల నుంచి వచ్చిన కాలేజీ సారును "రాండ్రి సన్‌డౌనర్ సార్, కూసోండ్రి" అని పిలిచి, నా ఇంగ్లీషుకు నేనే మురిసిపోయాను. పక్కనున్న మామకు చాయ్ పొలమారింది.

సారు వెళ్లాక చెప్పాడు. "గది మర్యాద కాదు పిచ్చి కోడలా. ఆస్ట్రేలియాల ఎనుకట పని ఎతుక్కుంట తిరిగేటోళ్లు ఉండేటోళ్లట. అండ్ల కొందరు కావాల్నని పొద్దుగూకినంక దిగుదురట. పని బంద్ అయిపాయె, తిండి పెట్టక తప్పదాయె. గసోంటోడు సన్‌డౌనర్."

"మరి నువ్వెట్లయితవు మామా?"

"నేను గూడ పని చేసే వయసు అయిపోయినంకనే గదా ఊరికచ్చింది."

ఆ మాట ఆయనకు నేర్పింది దుబాయి క్యాంపులో ఫోర్‌మన్, ఒక ఆస్ట్రేలియా ముసలాయన. పని దిగాక ఇద్దరూ ఇసుకలో కూర్చుని, రేకు డబ్బాలో చాయ్ కాచుకుని, వచ్చీరాని భాషలో ఆయన తన ఊరి నది గురించి, మామ మన గంగ, అంటే ఈ గోదావరి గురించి చెప్పుకునేవారట. మీ గంగను చూడ్డానికి వస్తానని ఆయన మాటిచ్చాడు. తర్వాత కంపెనీ మూతబడి చెరో దిక్కయ్యారు.

"మన ఊరి పేరు యాదికుంటదా ఆయనకు?" అని అడిగాను.

"ఊరు మరిసినా గంగను మరువడు. ఒడ్డు పొంటి నడుసుకుంట అస్తడు. నువ్వయితే ఓ గ్లాసు ఆపు."

మొదట్లో నవ్వుకున్నాను. నా పెనిమిటి కూడా ఆ ఎడారిలోనే ఉన్నాడు, ఎదురుచూపు సంగతి నాకు ఒకరు చెప్పాలా. రోజూ ఒక గ్లాసు చాయ్ ఫ్లాస్కులో ఆపేదాన్ని. చీకటి పడేదాకా చూసి, మామే దాన్ని తాగి వెళ్లేవాడు.

ఆ ఫోర్‌మన్ రాలేదు. పోయిన వానాకాలం మామ కాలం చేశాడు. ఆయన మీద ఎంత బెంగ ఉందో సాయంత్రమైతే గానీ నాకు తెలియదు. గ్లాసు ఆపడం మాత్రం మానలేదు.

నిన్న బండి సర్దుతుంటే నెత్తిన మూటతో, పసుపు చేలల్లో పని చేసే కూలీ ఒకడు వచ్చాడు. "అయిపోయిందా అక్కా?" అన్నాడు. ఆపిన చాయ్ పోసిచ్చాను. పైసలు తీయబోతే వద్దన్నాను.

"సన్‌డౌనర్‌కు పైసల్లేవు తమ్మీ."

"గాయిన ఎవలక్కా?"

"మా మామ," అన్నాను. ఆ తర్వాత చాలాసేపు పొయ్యి మీద నీళ్లు చల్లబుద్ధి కాలేదు.