ఒక్క అంకె చాలన్న మనిషి

హూడి ఆఫీసులో మా సీనియర్ ఏం చెప్పినా చూపుడువేలు ఎత్తి చెప్పేవాడు. క్లయింటు వెబ్‌సైటుకు వచ్చినవాళ్ల బ్రౌజర్ వెర్షన్ కనిపెట్టే స్క్రిప్టు ఆయనదే. అది వెర్షన్ నంబరులో మొదటి అంకె ఒక్కటే చదివేది.

“పదో వెర్షన్ వస్తే?” అన్నాను.

“అంతదాకా మనం ఈడే ఉంటామా అప్పా? ఒక్క అంకె చాలు,” అని వేలెత్తాడు.

ఉన్నాం. పదీ వచ్చింది. క్లయింటు మా ఎదుటే కొత్త బ్రౌజర్లో సైటు తెరిస్తే, స్క్రిప్టు పదిని ఒకటిగా చదివి ‘మీ బ్రౌజర్ మరీ పాతది’ అంది.

“ఎవరు రాసిందిది? ఇవాళే ఇంటికి పంపిస్తా,” అన్నాడు మేనేజరు. ఫైలు పైన ఉన్న పేరు నాది, గొప్పకి పెట్టుకున్నాను.

సీనియర్ వేలెత్తాడు. “నేనే సార్.”

సాయంత్రం సొరుగు ఖాళీ చేస్తూ, “రెండంకెలు చదివేటట్టు మార్చప్పా,” అని రెండు వేళ్లు చూపించాడు.

వందో వెర్షన్ వస్తే అని ఈసారి నేను అడగలేదు.