ఫర్లాంగు సాయిబు

ఇమామ్ సాహెబ్‌కి ఒకటే పిచ్చి. రోడ్డు మీద సైకిలు పోతుంటే అది గంటకి ఎన్ని మైళ్ళ మీద పోతోందో లెక్కగట్టి, తొక్కేవాడి మొహానే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు.

కొలకలూరు నుంచి తెనాలి వచ్చే రోడ్డులో, ఇంకా ఊరు తగలకముందే ఆయన పంక్చర్ల కొట్టు ఉండేది. రేకుల పాక, నాలుగు అద్దె సైకిళ్ళు, ఒక గాలిపంపు, నీళ్ళ తొట్టి. కొట్టుకి సరిగ్గా ఫర్లాంగు దూరంలో పంటకాలవ తూము. ఆ ఫర్లాంగుని ఆయన తాడు పెట్టి కొలిచాడు. తాడు ఎండకి బిగిసిందేమోనని వానాకాలంలో ఇంకోసారి కొలిచాడు. సైకిలు ముందు చక్రం తూము దాటిందంటే ఆయన నోట్లో లెక్క మొదలు. ఒకటి, రెండు, మూడు. నలభై అయిదుకి కొట్టు దగ్గరికొస్తే పది మైళ్ళు. యాభైకి వస్తే తొమ్మిది. ముప్పైకే వచ్చినవాణ్ణి మాత్రం చెయ్యి అడ్డంపెట్టి ఆపేవాడు.

"ఎవరికి బాగాలేదు నాయనా?"

"ఎవరికీ ఏం కాలేదు సాయిబుగారూ."

"మరి పదిహేను మీద వస్తన్నావేంటి? ఊరికే వస్తన్నావా? పో, మెల్లిగా పో."

ఇది ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది నాటి మాట. నేను ధాన్యం బస్తాలు మోసే ముఠాలో ఉండేవాణ్ణి. పొద్దున కొలకలూరు నుంచి మిల్లుకి, సాయంత్రం మిల్లు నుంచి ఇంటికి, రోజుకి రెండుసార్లు ఆయన నోట్లో పడేవాణ్ణి. పొద్దున "తొమ్మిది" అనేవాడు. సాయంత్రం కొట్టు దగ్గర లెక్క మొదలుపెట్టి, నేను తూము దాటేదాకా ఆగి, అంత దూరానికీ వినపడేట్టు కేకేసేవాడు. "ఎనిమిదే సుందరయ్యా! మధ్యాహ్నం మజ్జిగన్నం ఎక్కువైంది!" పొలాల్లో ఉన్న ఆడవాళ్ళు కూడా తలెత్తి నా పొట్ట వైపు చూసేవాళ్ళు.

ఒకసారి మా ఆవిడ రాహేలుని వెనక కూర్చోబెట్టుకుని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

"ఏడు!" అన్నాడు. "పోయిన నెలలో ఇద్దరూ కలిసి ఎనిమిది మీద పోయారు. చెల్లెమ్మ కొంచెం వొళ్ళు చేసినట్టుంది."

రాహేలు కిందకి దూకింది. "అన్నా, నా వొళ్ళు నీకెందుకు? నీ గాలిపంపు సంగతి నువ్వు చూసుకో."

"కోప్పడబాక చెల్లెమ్మా. నేను అనలా, సైకిలు అంది."

ఆ తరవాత ఆ కొట్టు వస్తోందంటే రాహేలు తూము దగ్గరే దిగి నడిచేది. అప్పుడు నన్నొక్కణ్ణే చూసి ఆయన, "తొమ్మిదిన్నర! చూశావా చెల్లెమ్మా, నే చెప్పలా?" అనేవాడు.

లెక్క నడుస్తున్నప్పుడు ఇంకో మాట ఆయన చెవికెక్కదు. ఆయన భార్య ఖైరున్నీసా గారు పాకలోంచి, "ఏమండీ, బియ్యం ఎన్ని పొయ్యమంటారు?" అని అడిగితే, "ముప్పై రెండు" అనేవాడు. "టీలోకి పంచదార?" "ముప్పై నాలుగు." పాపం ఆవిడ కొన్నాళ్ళకి రోడ్డు మీద సైకిలు ఉందో లేదో తొంగిచూసి, అప్పుడు నోరు విప్పడం నేర్చుకుంది.

ఆ లెక్కకి వంక పెట్టినవాడు లేడు. పురుషోత్తం మాస్టారు ఒకరోజు పంతం పట్టి, చేతికున్న వాచీ విప్పి పరీక్ష పెట్టాడు. సాయిబు అరవై లెక్కపెట్టేసరికి వాచీలో యాభై ఎనిమిదే అయింది.

"దొరికావు సాయిబూ! రెండు సెకన్లు తేడా."

"మీ వాచీకి జబ్బు చేసింది మాస్టారూ. చూపించుకోండి."

మాస్టారు నవ్వుకుంటూ పోయాడు గానీ, మనసాగక వాచీల కొట్లో ఇచ్చాడు. నిజంగానే మెల్లగా నడుస్తోందన్నారు. అప్పట్నుంచి మాస్టారు ఆ కొట్టు ముందు సైకిలాపి, సాయిబుని చూసి వాచీ సరిచేసుకునేవాడు.

"అసలు మామూలు మనిషి ఎంత మీద తొక్కుతాడు సాయిబూ?" అని మా మేస్త్రీ వెంకటప్పయ్య అడిగాడు ఒకసారి.

"తొమ్మిది, పది. కలెక్టరు తొక్కినా అంతే, కూలోడు తొక్కినా అంతే. సైకిలుకి పెద్దాచిన్నా తెలవదు."

"మరి నువ్వెంత మీద తొక్కుతావు?"

"నేను తొక్కితే లెక్కపెట్టేదెవడు?" అన్నాడు. ఆయన సైకిలెక్కగా చూసినవాడు మాలో లేడు.

ఖైరున్నీసా గారి చెల్లెలి కూతురికి బాపట్లలో సంబంధం చూశారు. కుర్రాడి పేరు మహమూద్, బట్టల కొట్లో గుమస్తా. వాళ్ళు పిల్ల ఇంటికొచ్చిన రోజు పెద్దలంతా చాప మీద కూర్చుని, ఉద్యోగం ఏంటి, ఇల్లు సొంతమా, అన్నదమ్ములెందరు అని అడుగుతున్నారు. సాయిబు వంతు వచ్చింది.

"అబ్బాయిని ఒకసారి సైకిలు తొక్కి చూపించమనండి."

తనకి పరీక్ష అనుకుని మహమూద్ చొక్కా చేతులు మడిచి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఉరికించాడు. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. తిరిగొచ్చి ఆయాసపడుతూ గర్వంగా నిలబడ్డాడు.

ఆ వీధి పొడుగు కూడా ఆయన ఎప్పుడో కొలిచి ఉంచుకున్నాడు. "పద్నాలుగు," అన్నాడు సాయిబు. "ఈ సంబంధం వద్దు."

ఖైరున్నీసా గారికి ఏడుపొక్కటే తక్కువ. "ఏంటండీ ఇది? ఇంటికొచ్చినవాళ్ళ పరువు తీస్తారా?"

"రోడ్డు మీద పద్నాలుగు అంటే ఇంట్లోనూ పద్నాలుగే. అన్నం వడ్డించేలోపు కంచం విసిరేస్తాడు."

కుర్రాడు ఏమనుకున్నాడో, మళ్ళీ సైకిలెక్కాడు. ఈసారి బెల్లు కొట్టుకుంటూ, ఎదురొచ్చిన ముసలామెకి దారిచ్చి, మర్యాదగా వచ్చాడు.

"తొమ్మిదిన్నర. ఇప్పుడు మనిషిలా ఉన్నాడు. ఖాయం చేసుకోండి."

ఇప్పటికీ మహమూద్ అత్తగారి వీధి మలుపు తిరిగాడంటే బ్రేకు మీద చెయ్యి వేస్తాడంట.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే నా మీదికి వచ్చింది. ఆ ఏడు చివరి వానల్లో గోదాములో బస్తాల వరస మీంచి జారి పడ్డాను. కుడి మోకాలు వాచింది. వాపు తీసింది గానీ బలం రాలేదు. విచిత్రం ఏంటంటే, బస్తా వీపున వేసుకుని నాలుగడుగులు వేస్తే బాధ లేదు. సైకిలెక్కి పెడలు నొక్కితే మాత్రం ప్రాణం కళ్ళలోకి వస్తుంది. ఒంటికాలితో తొక్కి, రెండోది ఊరికే తిప్పుతూ నడిపేవాణ్ణి. ఆ వేగం సాయిబు నోట్లో పడకూడదని, కొట్టు దారి మానేసి కాలవ కట్ట మీద నుంచి చుట్టు తిరిగి మిల్లుకి పోయేవాణ్ణి. నెలరోజులు అలాగే గడిపాను.

సంక్రాంతికి ముందూ వెనకా మాకు రేపల్లె సీజను. రేపల్లె దాటి నిజాంపట్నం రోడ్డు పొడుగునా కల్లాల దగ్గర ధాన్యం కొంటారు. మేం ఒక కల్లంలో లారీ నింపి, సైకిళ్ళ మీద నాలుగైదు మైళ్ళు పోయి, ఇంకో కల్లం దగ్గర ఇంకో లారీ అందుకోవాలి. వెనకబడ్డవాడి బస్తాలు మిగతావాళ్ళు మోయాలి, పంపకం మాత్రం అందరికీ సమానం. అందుకని మేస్త్రీ సీజనుకి ముందు మనుషుల్ని ఏరుకుంటాడు. ఏరుకునేది ఎక్కడనుకున్నారు? సాయిబు కొట్టు ముందు. ఆయన లెక్కలో ఎనిమిది మైళ్ళకి తగ్గినవాడు రేపల్లె రావక్కర్లేదు. ఒకసారి పేరు పోయిందంటే ఆ చోట్లో ఇంకొకడు కూర్చుంటాడు, మళ్ళీ లేవడు. మిగతా పదినెలలు కూడా నన్ను పిలిచేవాడుండడు.

ఆ పొద్దున రాహేలు నా మోకాలికి ఆముదం రాస్తూ, "పోనీ సాయిబు అన్నకి ముందే చెప్పకూడదూ?" అంది.

"చెప్తే? వాచీనే వదలనోడు నన్నొదుల్తాడా?"

తూము దగ్గర పన్నెండుమందిమి వరసగా నిలబడ్డాం. అవతల కొట్టు ముందు సాయిబు, పక్కన గొడుగు చంకలో పెట్టుకుని వెంకటప్పయ్య. ఒక్కొక్కళ్ళే పోతున్నారు. పదకొండు, పది, పదిన్నర అని కేకలు వినిపిస్తున్నాయి. నా ముందు పోయిన శివరామయ్యకి పన్నెండు వచ్చింది. వాడు మీసం తిప్పుకుంటూ మేస్త్రీ పక్కన చేరాడు.

నేనెక్కాను. తూము దాటాను. "ఒకటి" అని సాయిబు కేక వినిపించింది. పళ్ళు బిగబట్టి తొక్కుతున్నాను. సైకిలు మాత్రం పెళ్ళికూతురిలా నడుస్తోంది. పక్కనుంచి గడ్డి బండి ఒకటి నన్ను దాటిపోయింది. బండివాడు నిద్రపోతున్నాడు కూడా.

"ఇరవై రెండు," అన్నాడు సాయిబు. అని దగ్గాడు.

మామూలు దగ్గు కాదు. ఒంగి, లేచి, గుండె పట్టుకుని దగ్గాడు. తొట్టిలో నీళ్ళు పుక్కిలించాడు. ఇంకోసారి దగ్గాడు. అప్పుడు, "ఇరవై మూడు" అన్నాడు.

ఫర్లాంగు సగం వచ్చాను. "ముప్పై ఎనిమిది. ఏమే, పాలు పొంగుతున్నయ్యి చూడు!"

లోపల్నుంచి ఖైరున్నీసా గారు, "పాలెక్కడివండీ? పొయ్యే వెలిగించలా!" అంది.

"అయితే వెలిగించు. ముప్పై తొమ్మిది."

శివరామయ్య ఊరుకోలేదు. "ఇదేంటి సాయిబూ? దగ్గేటప్పుడు లెక్క నిలబడిద్దా?"

"లెక్క నాది, దగ్గు నాది. మధ్యలో నీకేంటి? నలభై."

"ఎడ్లబండి దాటిపోయింది గదా ఆయన్ని!"

"ఆ ఎడ్లు మంచి జాతివి. నలభై ఒకటి."

వెంకటప్పయ్య సాయిబు వంక చూశాడు, నా మోకాలి వంక చూశాడు, తరవాత గొడుగు తెరిచి, అందులో చిల్లులున్నాయేమో అని చాలాసేపు వెతుక్కున్నాడు. నేను కొట్టు ముందుకి చేరేసరికి చెమటకి కళ్ళు కనిపించడం లేదు.

"యాభై ఆరు. ఎనిమిది మైళ్ళు!" అన్నాడు సాయిబు, తెనాలి అంతా వినపడేట్టు.

"సాయిబు చెప్తే చెప్పినట్టే," అంటూ మేస్త్రీ గొడుగు మూశాడు. "సుందరయ్యా, నువ్వు రేపల్లె వస్తన్నావు. అయితే లోడింగు సగంలో ఉండగానే నువ్వు బయల్దేరి ముందు కల్లానికి పో. అక్కడ గోనెపట్టాలు పరిచి, బస్తాలు లెక్కజూసి పెట్టు. ఎవరో ఒకరు ముందు పోవాలి గదా."

ఇన్నేళ్ళలో ఎవరూ ముందు పోయింది లేదు. శివరామయ్య మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

అందరూ పోయాక సాయిబు నా సైకిలు వెనక చక్రం ఊడదీశాడు. ఉన్న పళ్ళచక్రం తీసి, పెద్దది బిగించాడు. "తొక్కుడు తేలిగ్గా ఉండిద్ది. దూరం మెల్లిగా వచ్చిద్ది, మోకాలు ఊరుకుండిద్ది." నేను పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాను. అప్పుడే తూము మీదికి పురుషోత్తం మాస్టారు వచ్చాడు. రిటైరయి ఏడాది అయింది, చూపు తగ్గింది, సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. సాయిబు ఒకటి అన్నాడు. ఒక నట్టు బిగించాడు. రెండు అన్నాడు. స్పానరు తుడుచుకున్నాడు. మాస్టారు కొట్టు దగ్గరికొచ్చేలోపు నా చక్రం బిగించడం అయిపోయింది.

"పది మాస్టారూ! కుర్రాళ్ళకి ఏం తీసిపోలేదు!"

మాస్టారు బెల్లు కొట్టి, మెడ నిటారుగా పెట్టుకుని పోయాడు.

నేను సాయిబు మొహం వంక చూశాను. ఆయన స్పానరు వంక చూసుకుంటున్నాడు.

"నిజం చెప్పండి. ఇందాక నాకెంత వచ్చింది?"

"మూడు," అన్నాడు మెల్లిగా. "సైకిలు పడిపోకుండా అంత మెల్లిగా తొక్కడం కూడా గొప్పే."

ఇంతలో ఖైరున్నీసా గారు పెద్ద గ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. మిరియాలు, శొంఠి, వాము, ఇంకా ఆవిడకి తెలిసిన ఘాటు సామానంతా వేసి కాచిన కషాయం. "పొద్దున్నుంచీ ఏం దగ్గండీ అది! ఊపిరితిత్తులు ఊడొస్తాయనుకున్నా. ఇది మూడు పూటలా తాగాలి, మూడురోజులు. నే చూస్తుండగా తాగండి."

సాయిబు నోరు తెరిచాడు. దగ్గు అబద్ధమని చెప్తే లెక్క అబద్ధమవుతుంది. నోరు మూశాడు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. ఆవిడ తృప్తిగా లోపలికి పోయింది.

ఆవిడ అటు తిరగ్గానే ఆయన పక్కనున్న సత్తు గిన్నెలోకి సగం కషాయం ఒంపి నా ముందుకి తోశాడు.

"తాగు సుందరయ్యా. మోకాలు నీది, దగ్గొక్కటే నాది."