నాయన తిన్న బట్టమేక గుడ్డు

ఎడారి అంటే ఇసుకేనని ఎవరు చెప్పారో గానీ, వాళ్లను ఒక్క పూట మా సొంతూరు చెన్నేకొత్తపల్లి బీళ్లలో చెప్పుల్లేకుండా నడిపించాలి.

రాజస్థాన్ కొసన, సరిహద్దు దగ్గరున్న ఎడారి జాతీయ పార్కుకు నాయనను తీసుకుపోతున్నానని తెలిసిన రోజు నుంచి హిందూపురంలో మా వీధి వీధంతా నాకు బుద్ధి చెప్పడమే. "మనదే ఎడారి గదక్కా, ఇంగొగటి చూసేకి అంత దూరం పోవల్నా?" అంది పక్కింటామె. బట్టమేకను చూడటానికి అన్నాను. "మేకనా! పెనుకొండకు పోతే మందలు మందలు ఉండాయి గదా!" అని ఒకటే నవ్వు.

మేక కాదు తల్లీ, పిట్ట. మనిషి నడుమెత్తు పిట్ట. ఒకప్పుడు మన బీళ్లలోనే తిరిగేది. దాని పేరు విని నవ్వే దాకా వచ్చామంటే అది పోయి ఎంత కాలమైందో చూడండి.

నాయన చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. ఒకరోజు గడ్డిలో పెద్ద గుడ్డు కనబడితే కంపలు మంటేసి కాల్చుకు తిన్నాడు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటే మా అవ్వ వీపు చిట్లగొట్టిందట. "బట్టమేక ఏటికి ఒగటే పెడతాదిరా, పాపిష్టోడా!" డెబ్బై దాటినా ఆ దెబ్బ మానలేదు. మా వంటింట్లో కోడిగుడ్డు పగిలినప్పుడల్లా ఈ కథ వినాల్సిందే. దేశం మొత్తంలో ఆ పిట్టలు కొద్దిగానే మిగిలాయని, ఉన్నవాటిలో ఎక్కువ ఆ ఎడారి పార్కులోనేనని టీవీలో విన్న రోజు, "ఒగసారి చూపీమ్మే, ఇంగా బతికుండాదో లేదో" అన్నాడు. ఎన్నడూ ఏదీ అడగని మనిషి.

ధర్మవరంలో రైలెక్కి, రెండు రైళ్లు మారి పోయాం. అక్కడ కుదుర్చుకున్న జీపు డ్రైవరు మొదటి రోజే మమ్మల్ని ఇసుక దిబ్బల దగ్గర దించాడు. ఒంటెలు, డోళ్లు, ఫోటోకు బాడుగ తలపాగాలు. నాయన ఒంటెను చూశాడు, ఒంటె నాయనను చూసింది, ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

నా హిందీ హిందూపురం బజారులో గాజులు బేరమాడి నేర్చుకున్న ఉర్దూ. "రేతీ నక్కో భయ్యా, చిడియా హోనా" అన్నాను. ఇసుక వద్దు, పిట్ట కావాలి అని. మా వైపు నక్కో అంటే వద్దు అని. ఆ మాట అతనికి తెలియదు. పడీపడీ నవ్వాడు. రెండో రోజూ దిబ్బల దారే పట్టాడు. నేను స్టీరింగు మీద చెయ్యి వేశాను. అప్పుడు విసుక్కుంటూ అన్నాడు, పార్కు లోపల ఏమీ లేదు మేడమ్, ఉత్త బయలు అని.

నేను అరవడం మొదలుపెట్టాను. ఈ "ఏమీ లేదు" నాకు కొత్త కాదు. సర్కారు కాగితాల్లో మా బీళ్ల మీదా ఇదే ముద్ర వేశారు. ఏమీ లేదని ఒకసారి రాసుకున్నాక ఏమైనా చేయొచ్చు కదా! దున్నొచ్చు, కంకర తవ్వొచ్చు, కనుచూపు మేర సోలారు పలకలు పరవొచ్చు. వద్దనడానికి గడ్డికి నోరుందా?

నా అరుపులకు తట్టుకోలేక చివరికి గేటు దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి కాపలా మనిషి, నాయన కంటే కాస్త చిన్నవాడు, మెడలో దుర్భిణీతో వెంట వచ్చాడు. లోపల అడుగుపెట్టగానే నాయన ఆగిపోయాడు. "ఇది జమ్మి. ఇది జిల్లేడు. ఆ పక్క రేగి కంప. ఇది మన బీడే గదమ్మే!"

కంచె వెంబడి చాలాసేపు నడిచాం. కాపలా మనిషి దుర్భిణీతో వెతుకుతూనే ఉన్నాడు. నాయన ఉత్త కళ్లతోనే, చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆడ" అన్నాడు. గడ్డిలో నాటిన తెల్ల కర్రలా ఉంది. ఆ కర్ర నడిచింది.

 కాపలా మనిషి దుర్భిణీ దించి, మీ వైపూ ఉన్నాయా అని అడిగాడు. ఉండేవని నేనన్నాను. మరి ఏమయ్యాయి అన్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు నాయన. చెప్పాను.

"ఒగటి నేను తింటినని చెప్పు."

నేను ఆ మాట చెప్పలేదు. దున్నిన బీళ్లు, కంకర గుంతలు, కరెంటు తీగలు, వేటకొచ్చిన దొరలు, అందరినీ వరసగా నిలబెట్టి నా గాజుల ఉర్దూలో కడిగేశాను. నాయన నా కొంగు లాగాడు.

"నేను చెప్పింది ఒగ మాట. నువ్వు ఇంతసేపు ఏం చెప్తాండావు? నా గుడ్డు సంగతి చెప్తివా లేదా?"

"చెప్పలేదు నాయనా. ఊరంతా కలిసి చేసిందాన్ని నువ్వొక్కడివే నెత్తినేసుకుంటావా?"

"ఊరిది ఊరు చెప్పుకోనీ. నేను తినింది నేను చెప్పుకోవల్ల గదా."

చెప్పాను. కాపలా మనిషి నవ్వితే ఇంకో తగాదాకు సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు. దుర్భిణీ తీసి నాయన మెడలో వేశాడు.

ఆ పిట్టకు ఏమైందని ఇన్నేళ్లుగా ఎందరినో అడిగాను. నేనే చేశానని ఒప్పుకున్నది, ఆకలేసి ఒక్క గుడ్డు తిన్న గొర్రెల కాపరి ఒక్కడే. తక్కినవాళ్లంతా నోరెత్తకుండా ఎవరింట్లో దాక్కున్నారు?